మేం పోగొట్టుకున్న ఐదు వారాలు

(తల్లిదండ్రుల సమావేశంలో ఒక తల్లి చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. మా అమ్మాయికి పదిహేడో ఏట గర్భం వచ్చింది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి బిడ్డతో ఇంటికొచ్చే దాకా మేం ఏం చేశామో, ఏం చేయకుండా ఉండిపోయామో చెప్పమని నిర్వాహకులు అడిగారు. చెప్పనా అని మా అమ్మాయినే అడిగాను. "చెప్పు అమ్మా, నా పేరు మాత్రం చెప్పకు" అంది. అందుకని మా అమ్మాయి అనే అంటాను.

ఆ రాత్రి తను నా గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. తలుపు గడియని పైకీ కిందకీ జరుపుతూ ఉంది. ఆ టకటకకి విసుగొచ్చి, "ఏమిటే, చెప్పు" అన్నాను. "అమ్మా, రెండు సార్లు నెలసరి రాలేదు. టెస్ట్ చేసుకున్నాను" అంది.

నేను అడిగిన మొదటి మాట, "ఎవరు?" రెండో మాట, "ఎవరికైనా చెప్పావా?" ఆ రెండు ప్రశ్నల్లోనూ మా అమ్మాయి లేదు. ఒకదాంట్లో ఇంకెవరో ఉన్నారు, ఇంకోదాంట్లో నలుగురూ ఏమనుకుంటారో అన్న నా భయం ఉంది. "నీ ఒంట్లో ఎలా ఉంది?" అని నేను అడగనే లేదు. ఆ మాట తనని మొదట అడిగింది ఆసుపత్రిలో ఒక నర్సమ్మ. అది కూడా ఐదు వారాల తర్వాత.

ఆ ఐదు వారాలు ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. మా ఆయన కూతురితో మాట్లాడటం మానేశారు. నేను మాట్లాడేదాన్ని, కానీ చదువు గురించి, బట్టల గురించి, ఇంకేదో గురించి. తను పొద్దున్నే బాత్రూంలో వాంతి చేసుకుని, ముఖం కడుక్కుని బడికి వెళ్లేది. నాకు వినపడేది. వినపడనట్టు ఉండేదాన్ని. మాట్లాడకపోతే ఆ సంగతే లేకుండా పోతుందన్నట్టు ప్రవర్తించాను. ఇవాళ ఇక్కడికి వచ్చింది ప్రధానంగా ఆ ఐదు వారాల గురించి చెప్పడానికే.

గర్భం లెక్క ఎలా వేస్తారో చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. అలా మొత్తం నలభై వారాలు. అంటే ఒకసారి నెల తప్పిందని తెలిసేసరికే నాలుగు వారాలు లెక్కలోకి వచ్చేస్తాయి. మా అమ్మాయి నాతో చెప్పేసరికి తొమ్మిదో వారం. మేం డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి పద్నాలుగు. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టంలాంటి భాగం ఆరో వారానికే మూసుకుంటుంది. అది సరిగ్గా మూసుకోవడానికి సాయపడేదే ఫోలిక్ యాసిడ్. రోజుకి 400 మైక్రోగ్రాముల మాత్ర, గర్భం రాకముందు నుంచి పన్నెండు వారాల దాకా వేసుకోమంటారు. అనుకోకుండా గర్భం వచ్చిన పిల్ల ముందు నుంచి వేసుకోవడం ఎలాగూ జరగదు. కానీ చెప్పిన మర్నాడే వెళ్లి ఉంటే కనీసం ఆ మిగతా మూడు వారాలైనా వేసుకునేది. నెలలు కచ్చితంగా తేల్చే తొలి స్కాన్‌కి మంచి సమయం పద్నాలుగో వారం లోపే. మేం ఆ చివరి అంచున వెళ్లాం.

ఇంకో విషయం కూడా ఉంది. మాట్లాడటానికి ఇబ్బందిగా ఉంటుంది, కానీ మాట్లాడాలి. గర్భం ఉంచుకోవాలా వద్దా అన్నది. చాలా దేశాల్లో చట్టం దీనికి వారాల్లోనే హద్దు పెడుతుంది, కొన్ని చోట్ల అసలు ఒప్పుకోదు. తల్లిదండ్రులు మౌనంగా కూర్చున్న ప్రతి వారం ఆ పిల్ల ముందున్న దారుల్ని తగ్గిస్తూ పోతుంది. మా అమ్మాయి ఉంచుకుంటానంది. అది తన నిర్ణయమేనా, లేక ఇంట్లో అడిగేవాళ్లు లేక అలా జరిగిపోయిందా అని నేను చాలా రోజులు బాధపడ్డాను. తర్వాత ఒకసారి అడిగాను. "నా నిర్ణయమే. కానీ అప్పుడే అడిగి ఉంటే బాగుండేది" అంది. ఏ నిర్ణయమైనా సరే, అర్హత ఉన్న డాక్టర్ దగ్గరే తీసుకోవాలి. రహస్యంగా అయిపోతుందని ఎవరో చెప్పిన మాత్రలు మింగడం, ఎవరి దగ్గరికో వెళ్లడం ప్రాణం మీదకి తెస్తుంది.

మీలో ఎవరైనా ఇప్పటికే అరిచేసి ఉండవచ్చు, చెయ్యి చేసుకుని కూడా ఉండవచ్చు. మళ్లీ ఆ పిల్ల దగ్గరికి వెళ్లండి. నేను వెళ్లాను. తన మంచం అంచున కూర్చుని, "ఆ రోజు నేను అడగాల్సింది అడగలేదు" అన్నాను. తను ఏమీ అనలేదు, కాళ్లు కొంచెం పక్కకి జరిపి నాకు చోటిచ్చింది. అంతే. దాని తర్వాతే ఆసుపత్రికి వెళ్లాం.

అసలు కష్టమైన ప్రశ్న, అలా తన మంచం అంచున కూర్చున్న రాత్రే అడిగాను. "నీ ఇష్టంతోనే జరిగిందా? ఎవరైనా భయపెట్టారా?" ఈ ప్రశ్న అడిగే తీరు ముఖ్యం. విచారణ చేస్తున్నట్టు కాకుండా, జవాబు ఏదైనా నేను నీవైపే ఉంటానని ముందే చెప్పి అడగాలి. చిన్నపిల్లల విషయంలో వయసు తేడాలు, ఒత్తిళ్లు, బెదిరింపులు ఎన్నో ఉంటాయి. ఇంట్లోవాళ్లే, బాగా తెలిసినవాళ్లే అయ్యే సందర్భాలూ ఉంటాయి. అలాంటిదేదైనా ఉంటే పిల్లని ముందు ఆ మనిషికి దూరంగా ఉంచడమే మొదటి పని. చాలా దేశాల్లో మైనర్ గర్భంతో వస్తే కొన్ని సందర్భాల్లో డాక్టర్ అధికారులకి తెలపక తప్పదు. మీ చోట చట్టం ఏం చెబుతోందో ఒక న్యాయ సహాయ కేంద్రంలో అడిగి తెలుసుకోండి. ఆ భయంతో ఆసుపత్రికి వెళ్లడం మాత్రం వాయిదా వేయకండి.

మొదటి రోజు డాక్టరమ్మ నన్ను కాసేపు బయట కూర్చోమంది. నాకు చాలా కోపం వచ్చింది. నా కూతురితో నేను లేకుండా మాట్లాడేదేముంది అనుకున్నాను. వరండాలో పది నిమిషాలు కూర్చున్నాను, నాకవి గంటలా గడిచాయి. తర్వాత తెలిసింది, ఆ పది నిమిషాల్లో తను నాకు చెప్పని రెండు విషయాలు డాక్టరుకి చెప్పిందని. అవేమిటో నేను ఇప్పటికీ అడగలేదు. డాక్టర్ మిమ్మల్ని బయటికి పంపితే దయచేసి వెళ్లండి. అంతకంటే పెద్ద సాయం మీరు ఆ గంటలో చేయలేరు.

ఇక ఒంటి సంగతి. పది నుంచి పందొమ్మిదేళ్ల వయసు తల్లులకి గుర్రపువాతం (గర్భంలో బీపీ పెరిగి ఫిట్స్ రావడం), కాన్పు తర్వాత గర్భసంచిలో ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల తల్లుల కంటే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బిడ్డ నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువగా ఉండటం కూడా వీళ్లలో ఎక్కువే. పిల్ల తానే ఇంకా ఎదిగే వయసులో ఉంటుంది, కాబట్టి ఇనుము, కాల్షియం ఇద్దరికీ సరిపోవాలి. ఈ రెండు మాత్రలూ ఒకేసారి వేసుకోకూడదు, కాల్షియం ఇనుముని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. మేం ఒకటి పొద్దున, ఒకటి రాత్రి పెట్టుకున్నాం. బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, దానికి ఒక ఇంజెక్షన్ ఉంటుంది. గర్భిణిని డాక్టర్ గానీ నర్సు గానీ కనీసం ఎనిమిది సార్లు చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. అందులో మొదటిది పన్నెండు వారాల లోపు. మేం మొదటిదే దాటేశాం.

బీపీ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. కూతురితో మాట్లాడలేకపోయిన మా ఆయన ఒకరోజు బీపీ మిషన్ కొనుక్కొచ్చారు. ఏమీ అనకుండా బల్ల మీద పెట్టి, చెయ్యి చాపమన్నట్టు సైగ చేశారు. అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం తనే పట్టీ కట్టి, పక్కన ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ, టైము, అంకెలు రాసేవారు. పట్టీ కట్టేటప్పుడు మొదట్లో ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. కొన్నాళ్లకి "గట్టిగా ఉందా?" అని ఆయన, "కొంచెం లూజు చేయి నాన్నా" అని తను. మా ఇంట్లో మాటలు మళ్లీ అలా మొదలయ్యాయి.

ముప్ఫై ఒకటో వారంలో మా అమ్మాయి తలనొప్పి అంది. పరీక్షలకి చదువుతోంది కదా, నిద్ర చాల్లేదేమో అనుకున్నాను నేను. ఆయన పట్టీ కట్టారు. 150, 100. పావుగంట ఆగి మళ్లీ చూశారు, తగ్గలేదు. ఆ పుస్తకం వెనక్కి తిప్పితే అంతకుముందు నెలంతా 110, 70 దగ్గరే ఉంది. గర్భంలో 140, 90 దాటితే ఎక్కువని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచింది. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాం. ఆ పుస్తకం చూసి డ్యూటీ డాక్టర్ ఇంకేమీ ప్రశ్నించకుండా చేర్చుకున్నారు. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, రక్తం కనపడటం, ఉమ్మనీరు కారడం, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏది కనపడినా తెల్లవారే దాకా ఆగొద్దు. వయసులో ఉన్న పిల్లలు ఇబ్బందిగా ఉందని చెప్పకుండా దాచుకుంటారు, కాబట్టి మీరే రోజూ అడగాలి.

సరే, ఇప్పుడు బీమా సంగతికి వస్తాను. ఇక్కడ మేం ఇంకో మూడు వారాలు పోగొట్టుకున్నాం.

మా ఆయన ఉద్యోగం తరఫున కుటుంబానికి హెల్త్ పాలసీ ఉంది. ఫోన్ చేసి "మా అమ్మాయికి కవర్ ఉందా?" అని అడిగాం. "ఉందండీ, డిపెండెంట్ కదా" అన్నారు, అంటే ఉద్యోగి మీద ఆధారపడిన కుటుంబ సభ్యురాలని. నిశ్చింతగా ఉన్నాం. మూడు వారాల తర్వాత ఆసుపత్రి వాళ్లు పంపిన కాగితానికి జవాబొచ్చింది. పాలసీలో ప్రసూతి ఖర్చులు ఉద్యోగికీ, జీవిత భాగస్వామికీ మాత్రమే, కూతురి ప్రసూతి అందులోకి రాదు. ఫోన్‌లో చెప్పినవాళ్లు అబద్ధమాడలేదు. మేం అడిగిన ప్రశ్న తప్పు. పిల్లకి జ్వరం వస్తే కవర్ ఉంది, పురుడుకి లేదు.

కాబట్టి ఇలా అడగండి. "మా పాలసీలో డిపెండెంట్‌గా ఉన్న మైనర్ కూతురికి గర్భం వచ్చింది. చెకప్‌లు, స్కాన్లు, కాన్పు, సిజేరియన్, గర్భం వల్ల వచ్చే చిక్కులు, వీటిలో దేనికి చెల్లిస్తారు, దేనికి చెల్లించరు?" చిక్కుల గురించి విడిగా అడగడం మర్చిపోకండి. మామూలు కాన్పుకి ఇవ్వని కొన్ని పాలసీలు ప్రాణాపాయ స్థితికి మాత్రం చెల్లిస్తాయి. జవాబు రాతలో తీసుకోండి, ఈమెయిల్ అయినా చాలు. ఫోన్‌లో మాట్లాడితే తేదీ, అవతలివాళ్ల పేరు, రిఫరెన్స్ నంబరు రాసుకోండి. మేం బీపీ పుస్తకంలోనే వెనక పేజీల నుంచి రాయడం మొదలుపెట్టాం.

అప్పుడు కొత్త పాలసీ కొనేద్దాం అనుకున్నాం. మామూలుగా ప్రైవేటు పాలసీల్లో ప్రసూతికి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అంటే పాలసీ కొన్నాక కొంతకాలం దాకా ఆ ఖర్చు ఇవ్వరు. కొన్నింట్లో నెలలు, కొన్నింట్లో ఏళ్లు. గర్భం వచ్చాక కొన్న పాలసీ ఆ గర్భానికి డబ్బివ్వకపోవడం చాలా చోట్ల మామూలే. ఒక ఏజెంట్ "ఫారంలో ఆ సంగతి రాయకండి, తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు. టెన్షన్‌లో ఉన్నాం కదా, ఒక్క పూట ఆశపడ్డాం కూడా. ఒప్పుకోకపోవడం మంచిదైంది. నిజం దాచి తీసుకున్న పాలసీని క్లెయిమ్ రోజున రద్దు చేసే హక్కు కంపెనీకి ఉంటుంది. అంటే ప్రీమియం పోతుంది, ఆసుపత్రి బిల్లూ మన నెత్తిన పడుతుంది.

మాకు దారి చూపించింది ఆసుపత్రిలోని సోషల్ వర్కర్. బిల్లింగ్ కౌంటర్ పక్కన చిన్న గది ఆవిడది. నెల రోజులుగా ఆ గది ముందు నుంచే నడుస్తున్నాం. "ప్రభుత్వ పథకంలో మీ పాపకి సొంతంగా అర్హత ఉందేమో చూశారా?" అని అడిగింది. మాకు ఆ ఆలోచనే రాలేదు, మా ఆదాయం చూసి ఎవరిస్తారులే అనుకున్నాం. గర్భిణులకి ఆదాయ పరిమితి వేరుగా ఉండే పథకాలు ఉంటాయట. కొన్ని చోట్ల కడుపులో బిడ్డని కూడా కుటుంబ సభ్యుల లెక్కలో కలుపుతారట. ప్రజాధనంతో నడిచే పథకాల్లో వెయిటింగ్ పీరియడ్ లేనివి ఎక్కువ. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్క మొదలవుతుంది కాబట్టి, కాగితాలన్నీ సిద్ధమయ్యే దాకా ఆగకుండా ముందు దరఖాస్తు పెట్టేయమంది. ఆ మాట మాకు ఎంత మేలు చేసిందో తర్వాత తెలిసింది.

ఆవిడే ఇంకో రెండు విషయాలు గుర్తుచేసింది. మా అమ్మాయికి పద్దెనిమిది నిండేది గర్భం ఎనిమిదో నెలలో. పిల్లలకి ఉద్దేశించిన కవరేజ్ ఆ రోజుతో ఆగిపోయే చోట్లు ఉంటాయి, కాన్పుకి నెల ముందు చూసుకుంటే ఏమీ చేయలేం. ఆ పుట్టినరోజు తేదీకి సున్నా చుట్టి క్యాలెండర్‌లో పెట్టుకున్నాం. రెండోది బిడ్డ గురించి. తాతయ్య పాలసీలోకి మనవరాలు తనంతట తాను రాదు. పుట్టిన బిడ్డ వేరే మనిషి, వేరే బిల్లు. పుట్టిన తర్వాత గడువు రోజుల్లోగా నమోదు చేయకపోతే ఆ బిల్లు మనమే కట్టుకోవాలి. అందుకని బిడ్డ ఫారం ఏడో నెలలోనే నింపి ఫైల్లో పెట్టాం. తల్లి వివరాలు, చిరునామా అన్నీ రాసి, పేరు, పుట్టిన తేదీ, బరువు గడులు మాత్రం ఖాళీగా ఉంచాం. తల్లి సంతకం దగ్గర మా అమ్మాయి సంతకం పెట్టింది. అప్పటిదాకా అన్ని ఫారాల్లోనూ గార్డియన్ అని నేనే పెట్టేదాన్ని. పెన్ను పట్టుకుని, "ఇక్కడ నేనా?" అని నావైపు చూసింది. నువ్వే అన్నాను.

ముప్ఫై ఆరో వారంలో కాన్పు చేశారు, బీపీ ఇక అదుపులో ఉండదని. ఆడపిల్ల, రెండు కిలోల మూడు వందల గ్రాములు. ఆరు రోజులు నవజాత శిశువుల విభాగంలో ఉంచారు. ఆ ఆరు రోజుల బిల్లు కాన్పు బిల్లు కంటే ఎక్కువైంది. రెండో రోజు మా ఆయన ఆ ఫారంలో ఖాళీగా ఉన్న మూడు గడులూ నింపి కౌంటర్లో ఇచ్చి వచ్చారు. ఒక క్లెయిమ్ తిరస్కరించారు, ఏదో కోడ్ తప్పుపడిందట. తిరస్కరణ లేఖ వస్తే అక్కడితో వదిలేయకండి, కారణం రాతలో అడిగి అప్పీలు చేయండి. మా అప్పీలు రెండు నెలలకి ఒప్పుకున్నారు.

పురుడయ్యాక అందరి చూపూ బిడ్డ మీదకి పోతుంది, మాదీ పోయింది. మూడో వారంలో మా అమ్మాయి బిడ్డని నా చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకునేది, అన్నం ముట్టేది కాదు. అలసట అనుకున్నాను. చెకప్‌కి వెళితే నర్సమ్మ పది ప్రశ్నల కాగితం ఇచ్చింది. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌ని గుర్తించడానికి 1987 నుంచి వాడుతున్న ప్రశ్నావళి అది, ఎడిన్‌బరో పేరుతో ఉంటుంది. చివరి ప్రశ్న తనకి తాను హాని చేసుకోవాలనిపించిందా అని. నేను పక్కనుంచి చూస్తున్నాను, తన పెన్ను ఆ ప్రశ్న దగ్గర ఆగింది. వెంటనే కౌన్సెలింగ్ మొదలైంది, ఇప్పుడు బాగుంది. చిన్న వయసు తల్లుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడొద్దు, నేరుగా అడగొచ్చు. మానసిక వైద్యానికి మీ కవరేజ్ ఉందో లేదో కూడా ముందే కనుక్కోండి, అందరూ మర్చిపోయేది అదే.

కాన్పుకీ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం రెండేళ్లు ఉండాలంటారు. గర్భనిరోధం గురించి డిశ్చార్జికి ముందే డాక్టర్‌తో తనని ఒంటరిగా మాట్లాడనివ్వండి. అప్పుడు కూడా నేను వరండాలోకే వెళ్లాను, ఈసారి ఎవరూ చెప్పకుండానే.

చదువు ఒక ఏడాది ఆగింది. బడి వాళ్లతో మొదట నేను మాట్లాడాను, వాళ్లు ముఖం చాటేశారు. తర్వాత దూరవిద్యలో చేర్పించాం. బిడ్డ నిద్రపోయే వేళల్లో చదువుకుంటుంది. ఆ అబ్బాయి కుటుంబం గురించి నేనిక్కడ మాట్లాడను, అది మా అమ్మాయి చెప్పుకోవాల్సిన సంగతి.

నిన్న రాత్రి ఈ ప్రసంగం కాగితం మీద రాసుకుంటుంటే మా అమ్మాయి వచ్చి చదివింది. గుమ్మం దగ్గర గడియ సంగతి చదివి, "అది నీకు గుర్తుందా?" అంది. గుర్తుందన్నాను. "నువ్వు అరుస్తావని కాదు, ఏమీ అనకుండా ఉంటావేమోనని భయమేసింది" అంది.

ఇప్పుడు మీరు అడగండి. మైకు వెనక వరుస దాకా వస్తుంది. అందరి ముందూ అడగలేనివాళ్లు చీటీ మీద రాసి పంపండి, ఎవరి గురించో చెప్పనక్కర్లేదు, పేరు రాయనక్కర్లేదు. ఎన్నో వారమో మాత్రం రాయండి.